ఖాళీగా కనిపించిన బుధవారం

మా దుకాణంలో కాలిన మోటారుకు కొత్త తీగ చుట్టడం కష్టమైన పని కాదు. దాన్ని బోరులోంచి పైకి తీయడమే కష్టం. చుట్టడానికి ఇద్దరం ఉన్నాం. తీయడానికి స్టాండు ఒక్కటే ఉంది: మూడు ఇనుప కాళ్లు, పైన గొలుసు కప్పి, పైపులు జారకుండా పట్టే బిగింపులు, వాటితో పాటు నలుగురు మనుషులు. కాలినదాన్ని పైకి తీసి, ముందే చుట్టి ఉంచిన మరో మోటారును అదే రోజు దింపి వచ్చేవాళ్లం. అలా రోజుకు ఒక బోరు అయ్యేది, రెండోది అయ్యేది కాదు. కాబట్టి ఎండాకాలంలో మేము అమ్మే అసలు సరుకు రాగి తీగ కాదు, రోజు.

దుకాణం నల్లగొండ నుంచి నందికొండ పోయే రోడ్డు మీద, ఇళ్లు అయిపోయి గుట్టలు మొదలయ్యే చోట ఉండేది. యజమాని మా బాపుకు పాత స్నేహితుడు, నేను చాచా అని పిలిచేవాణ్ని. మహబూబ్‌నగర్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించి, ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టుకుంటూ, ఖాళీగా ఉండడం ఎందుకని ఆయన దగ్గర చేరాను. తొంభైలు అప్పటికి సగానికి వచ్చాయి. వానలు సరిగా లేవు. బోర్లు పెరిగాయి, కరెంటు పెరగలేదు. వోల్టేజీ పడిపోయినప్పుడల్లా ఎక్కడో ఒక మోటారు కాలేది.

రోజుల పంపకమంతా ఒక గోడ క్యాలెండర్ మీద జరిగేది. ఏటా ఒక బట్టల దుకాణం వాళ్లు ఇచ్చే పెద్ద అంకెల తెలుగు క్యాలెండర్ అది. తేదీ కింద తిథి, నక్షత్రం, వర్జ్యం, మూలన చిన్న అక్షరాలలో ఉర్దూ తేదీ. పున్నమికి తెల్ల సున్నా, అమావాస్యకు నల్ల చుక్క. దాన్ని చాచా తన కుర్చీకి ఎదురుగా కాకుండా, వచ్చినవాళ్లకు ఎదురుగా వేలాడదీశాడు. చుట్టుడు పనిలో వాడే తెల్ల నాడాతో ఒక పెన్సిల్ కట్టి ఉండేది. ఎవరి రోజుకు ఎదురుగా వాళ్లే గుర్తు పెట్టుకోవాలి, అది అక్కడి పద్ధతి. చదువు వచ్చినవాళ్లు పేరు రాసేవాళ్లు. ఒకాయన నాగలి గీసేవాడు. ఒకాయన పెన్సిల్ ముట్టుకోకుండా బల్ల మీది గ్రీజుతో వేలిముద్ర వేసేవాడు. ఒక ఆమె తన గాజు తీసి గడి మీద పెట్టి దాని చుట్టూ గీత గీసేది. గాజు గడికంటే పెద్దది. గీత ఎప్పుడూ పక్క గడుల్లోకి పోయేది. నాకు అది చికాకుగా ఉండేది.

క్యాలెండర్ ముందు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు నిలబడి ఉండేవాళ్లు. పని ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ.

"గురువారం నాగలి ఎవనిది ర?"

"మా మామదే."

"మీ మామకు గంత తొందరేమున్నది? పొలం ఎండనే ఎండె. నేనడిగి చూస్త తియ్యి."

ఇలాంటి మాటలు రోజంతా నడిచేవి. చేరిన కొత్తలో నేను ఆ క్యాలెండర్ లోపాలను ఒక కాగితం మీద వరుసగా రాశాను. గీత చెరిగితే ఎవరు చెరిపారో తెలియదు. గ్రీజు మరకకూ వేలిముద్రకూ తేడా తెలియదు. నెల చివర వచ్చిన మనిషికి వచ్చే నెల కనపడాలంటే పేజీ ఎత్తి పట్టుకోవాలి. గుర్తు ఉంది గాని ఊరు లేదు, ఊరు ఉంది గాని బోరు లోతు లేదు. బయటికి పోయినప్పుడు వెంట తీసుకుపోలేం. ఆ కాగితం చాచాకు చూపించాను. ఆయన చదివి, మడిచి, దానిలో నాలుగు వాషర్లు చుట్టి ఒక రైతుకు ఇచ్చాడు.

మొదట ఒక అట్ట డైరీ వాడి చూశాను. రోజుకు ఒక పేజీ. ఒక బోరుకు రాయాల్సింది రెండు వరుసలు, మిగిలిన పేజీ తెల్లగా ఉండేది. వారం మొత్తం చూడాలంటే ఏడు పేజీలు తిప్పాలి. నా వేళ్ల నల్లదనం ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పాకేది. పదిహేను రోజులకు మానేశాను.

అప్పుడు చాచా బామ్మర్ది సౌదీ నుంచి వస్తూ ఒక డిజిటల్ డైరీ తెచ్చాడు. అరచేతి అంత, పుస్తకంలా తెరుచుకునేది. ఒకవైపు బూడిద రంగు తెర, ఇంకోవైపు చిన్న చిన్న బొత్తాలు. చాచా దాన్ని రెండుసార్లు తెరిచి మూశాడు.

"గిది లెక్కలు చేసేదా, గడియారమా?"

"రెండూ చాచా. టెలిఫోన్ నంబర్లు పెట్టుకోవచ్చు. క్యాలెండర్ గూడ ఉన్నది."

"అయితె నువ్వే పెట్టుకో ఇంజినీర్ సాబ్. నా జేబుల బీడీలకే జాగ లేదు."

ఒక ఆదివారం కూర్చుని గోడ మీది రోజులన్నీ దాంట్లోకి ఎక్కించాను. తెలుగు అక్షరాలు లేవు కాబట్టి ఊరి పేర్లు ఇంగ్లీషులో, పక్కన బోరు లోతు, మోటారు శక్తి. అడిగిన తేదీ వెంటనే వచ్చేది. పొద్దున పని మొదలయ్యే వేళకు మోగేది. ఎక్కిస్తున్నప్పుడు ఒక సంగతి గమనించాను. మిగతావన్నీ నిండి ఉన్నా, నెలలో ఒక గడి ఖాళీగా ఉంది. చూసుకోక వదిలేశారని అనుకున్నాను. ఎండాకాలంలో ఒక రోజు వృథాగా పోవడమంటే ఒక పొలం. వచ్చే నెలలో అలా ఖాళీగా ఉన్నది ఒక బుధవారం. అత్యవసరంగా ఎవరైనా వస్తే ఇవ్వడానికి దాన్ని ఉంచుకున్నాను.

క్యాలెండర్‌ను తీసి తీగ చుట్టల వెనక పెట్టాను. గోడ మీద మేకు, దానికి కట్టిన పెన్సిల్ మిగిలాయి.

తర్వాత రెండు వారాలు బాగానే నడిచింది. గోడ దగ్గర గుంపు తగ్గింది. దానికి బదులు ఒక కొత్త అలవాటు మొదలైంది. ఒకే మనిషి రెండు మూడుసార్లు వచ్చి "నాది ఉన్నదా?" అని అడిగి పోయేవాడు. ఉంది అని చెప్పేవాణ్ని. మళ్లీ వచ్చేవాడు. కొత్త పరికరం కాబట్టి అలా ఉంటుందిలే అనుకున్నాను. డైరీని మెచ్చుకున్న మనిషి ఒక్కడే: వెనక కాలనీలో కొత్త ఇల్లు కట్టుకున్న లెక్కల సారు. ఇంటి బోరు మోటారు కాలి ఆయన కూడా వరుసలో ఉన్నాడు. "ఇదీ పద్ధతి. ముందొచ్చినోడు ముందు, ఎనకొచ్చినోడు ఎనక. మొకం చూసి ఇచ్చుడుండొద్దు," అన్నాడు. ఆయన కూడా రోజూ వచ్చి అడిగి పోయేవాడు.

గాజు గీసే ఆమె ఆ రోజుల్లో వచ్చింది. ఆమె ఊరు రోడ్డు నుంచి లోపలికి, కాలువ నీళ్లు ఎక్కని ఎత్తులో ఉంది. భర్త నందికొండలో డ్యాం మీద కాపలా పనిలో ఉండేవాడు, సెలవు దొరికినప్పుడు వచ్చి పోయేవాడు. తోట చూసేది ఆమే. బత్తాయి తోట. మొక్క పెట్టి, కుండలతో పోసి పెంచి, కొన్నేళ్లు ఎదురుచూసిన తర్వాత ఆ ఏడే మొదటి కాపు నిలిచింది. చాచా ఆ రోజు రాగి తీగ కోసం హైదరాబాద్ పోయి ఉన్నాడు.

"మోటరు కాలింది పిలగా. స్టార్టర్ డబ్బల నుంచి వాసనొచ్చింది. ఎప్పుడొస్తరు?"

"చెట్లెట్లున్నయి చిన్నమ్మా?" అన్నాను. అది నేను అందరినీ అడిగే ప్రశ్న. ఎవరిది ఎంత అత్యవసరమో కొలవడానికి.

"ఆకు ముడుసుకుంటాంది. కాయ నిమ్మకాయంత ఉన్నది. ఇంకో వారం నీళ్లు లేకుంటె కాయ రాల్తది. అటెనుక ఆకు రాల్తది. అటెనుక నేను రాల్త."

"పక్క బోరు నుంచి పెట్టుకోరాదు?"

"పక్కోనిది నాకంటె ముందే ఎండింది. మా ఆయనేమో దినాం సముద్రమంత నీళ్లకు కావలి కాస్తడు. ఈడ పెండ్లానికి చెంబెడు లేవు."

డైరీ తెరిచాను. వచ్చే వారం దాటేదాకా అన్నీ నిండి ఉన్నాయి, బుధవారం తప్ప. ఉంచుకున్న రోజు దేనికోసమో దానికే పనికొచ్చింది. ఆమె ఊరి పేరు ఎక్కించాను.

"వచ్చే బుధవారం."

ఆమె గోడ వైపు తిరిగింది. అక్కడ మేకు ఉంది.

"గోడకున్నదేమాయె?"

"ఇప్పుడన్ని దీంట్లనే చిన్నమ్మా."

"ఏదీ, సూపియ్యి."

చూపించాను. ఆమె తెర మీదికి వంగింది.

"గిది నా పేరా?"

"మీ ఊరి పేరు."

"నా ముంగట ఎవరున్నరు?"

బొత్తం నొక్కాను. ముందు రోజు వచ్చింది.

"ఎనుక?"

ఇంకో బొత్తం నొక్కాను.

"ముంగటోడొస్తె ఎనుకటోడు మాయం. ఎనుకటోడొస్తె నేను మాయం. గిదేం డబ్బ పిలగా, దాగుడుమూతలాడుతాంది?"

"మీ దినం పక్కా. ఫికర్ చెయ్యకుండ్రి."

"నీ జేబుల ఉన్న దినం నాకెట్ల పక్కా అయితది?"

దానికి నా దగ్గర జవాబు ఉంది: మెమరీలో ఉన్నది చెరిగిపోదు. చెప్పాను. ఆమె వినలేదు. చేతి గాజు తీసి, మేకు దగ్గర సున్నం గోడ మీదనే పెట్టి, నాడాకు వేలాడుతున్న పెన్సిల్‌తో చుట్టూ గీసింది. "ఇగో, నేనొచ్చిన," అని బస్సుకు పోయింది.

మంగళవారం పొద్దున మొదటి బస్సుకే మళ్లీ వచ్చింది. అప్పటికి చాచా వచ్చేశాడు. స్టాండు మేస్త్రీ దుకాణం ముందు చాయ్ తాగుతున్నాడు. మిగిలిన ముగ్గురు ఆ రోజు పోవాల్సిన ఊరికి పైపుల బిగింపులు ట్రాలీలో వేస్తున్నారు. ఆమె ఎవరినీ పలకరించకుండా నా ముందుకు వచ్చి నిలబడింది.

"రేపేం దినం?"

"బుధవారం. మీదే."

"బుధవారం కాదు. అమాస."

చాచా తల ఎత్తాడు. "అమాస నాడు ఇచ్చినవా?"

"ఖాళీ ఉంటె ఇచ్చిన."

"ఎందుకు ఖాళీ ఉన్నదో అడగలే?"

అమావాస్య అంటే ఏమిటో నాకు తెలియక కాదు. ఆ రోజు మా అవ్వ ఇంట్లో కొత్త కుండ కూడా పొయ్యి మీద పెట్టనివ్వదు. కాని అది ఎప్పుడు వస్తుందో నేను ఎప్పుడూ లెక్క పెట్టుకోలేదు. గోడ మీద నల్ల చుక్క ఉండేది, దాని మీద ఎవరూ పెన్సిల్ పెట్టేవాళ్లు కాదు. తెర మీద ఆ బుధవారం మిగతా బుధవారాల లాగే ఉంది. నేను చేరింది చలికాలంలో. అప్పుడు పని తక్కువ, స్టాండు వారంలో సగం రోజులు ఊరికే ఉండేది. ఏ రోజు ఎందుకు ఊరికే ఉందో తెలిసే వీలు లేదు.

మేస్త్రీ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆయన చర్చికి పోయే మనిషి. "నాకైతె అమాస లేదు, పున్నమి లేదు తమ్మి. ఐతారం పొద్దుగాల ప్రార్థన ఒక్కటే. కని ఆ ముగ్గురు రారు. స్టాండుకు మూడు కాళ్లు, నాకు రెండే."

"నాకు గూడ లేదు," అన్నాడు చాచా. "జుమ్మా నమాజు యాళ్ల ఒక్కటి ఇడిసిపెడితె నాకు అన్ని దినాలు ఒక్కటే."

పట్టింపు లేనివాళ్లు ఇద్దరు ఉన్నారు. ఇంకో ఇద్దరు దొరికితే పని జరుగుతుంది. ఆ మాటే అన్నాను. "టౌనుల గడియారం కాడ కూలీల అడ్డ మీద నుంచి ఇద్దరిని తెస్తె?"

"తే," అంది ఆమె. "మీకెవ్వరికి లేకపాయె. నాకున్నది. అమాస నాడు నా బోరు మీద ఎవడన్న చెయ్యేస్తె ఆ చెయ్యి నా చేతిల ఉంటది."

"చెట్లు ఎండుతున్నయని మీరే అంటిరి గద."

"ఎండుతున్నయి. అందుకే అంటున్న. పైపు జారి మోటరు లోపల వడ్డదనుకో, బోరు పాయె. మల్ల బోరెయ్యాల్నంటె నాతోని అయితదా? వేరే దినం జారితె మన కర్మ అనుకుంట. అమాస నాడు జారితె ఊరంత నా మొకం మీద ఊంచుతది. మా ఆయన ఒక్క మాట గూడ అనడు, ఊకె చూస్తడు. గది నాకొద్దు."

పైపులు జారడం నిజం. అంతకు ముందు నెలలోనే ఒక ఊళ్లో జారింది. జారే అవకాశం ఏ రోజైనా ఒకటే. కాని జారిన తర్వాత ఏం జరుగుతుందన్నది రోజును బట్టి మారుతుంది. ఆమె అంటున్నది అదే.

"మరి ఎప్పుడు?" అంది.

డైరీ చూశాను. ఆమెకు ఇవ్వగలిగిన మొదటి రోజు ఆ తర్వాతి మంగళవారం. చెప్పాను. ఆమె ఖాళీ వార్నిష్ డ్రమ్మును కాలితో జరుపుకుని దాని మీద కూర్చుంది.

"మంగళారం దాక కాయ ఉండదు. గురువారం ఎవరిది?"

ఒకరి రోజు ఇంకొకరికి చెప్పడం సబబా అని ఆగాను. చాచా తీగ చుట్టల వెనక చేయి పెట్టి క్యాలెండర్ బయటికి లాగాడు. దుమ్ము దులిపి మేకుకు తగిలించాడు. గోడ మీది గాజు గీత దాని వెనకకు పోయింది.

"సదువు," అన్నాడు నాతో. "గట్టిగ సదువు."

నేను తేదీలు చదువుతుంటే ఆయన గడుల్లో రాశాడు. చాయ్ తాగడానికి వచ్చినవాళ్లు, తమ రోజు ఉందో లేదో అడగడానికి వచ్చినవాళ్లు గోడ చుట్టూ చేరారు.

"శుక్రారం మా బావది," అన్నాడు ఒకాయన. "ఆయన్ని అడగకుండ్రి. తన నీడ గూడ ఎవనికియ్యడు."

"శనారమోడు పెండ్లికి పోయిండు. ఎవరినడుగుతవు?"

"ఐతారం సర్పంచిది. అడుగు, ఇస్తడు. వచ్చే ఎలక్షన్లకిస్తడు."

గురువారం లెక్కల సారుది. ఆయన పేరు చదివిన కొద్దిసేపటికే సైకిల్ మీద ఆయనే వచ్చాడు, రోజూ వచ్చినట్టే. హ్యాండిల్‌కు అటొకటి ఇటొకటి నీళ్లు నిండిన ప్లాస్టిక్ బిందెలు. నల్లా దగ్గర నుంచి వస్తున్నాడు. గోడ మీద క్యాలెండర్ చూసి నా వైపు చూశాడు.

"ఇదేంది, మల్ల ఇదొచ్చింది?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె లేచింది.

"సారూ, గురువారం నీదేనంట గద."

"అవునమ్మా. నాదే."

"నాకియ్యి."

సారు సైకిల్ దిగలేదు. ఒక కాలు నేల మీద పెట్టి నిలబడ్డాడు. "ఎట్లిస్తనమ్మా? బోరు చెడినప్పటి సంది మా ఇంటిల్లిపాది నల్లకాడ నిలబడుతున్నం. ఒగలు పోతె ఒగలు."

"మీరు పోయి నల్లకాడ నిలబడ్తరు సారూ. నా చెట్లు యాడికి పోయి నిలబడాలె?"

సారు బిందెల వైపు చూశాడు. ఒక బిందె అంచు నుంచి నీళ్లు చుక్కలుగా సైకిల్ చక్రం మీద పడుతున్నాయి.

"వంతంటె వంతే గదమ్మా. లెక్క ప్రకారం..."

"లెక్క నీ బళ్లె చెప్పు సారూ, పోరగాండ్లింటరు. నీ గురువారం నాకిస్తె, కాయ కోసినంక సంచెడు బత్తాయిలు దెచ్చి నీ ఇంట్ల పోస్త."

"ముందు కాయ నిలబడాలె గద?"

"అందుకే గురువారం అడుగుతున్న."

మొదట నవ్వింది మేస్త్రీ. తర్వాత సారు కూడా నవ్వాడు, నవ్వకూడదనుకుంటూనే. సైకిల్ స్టాండు వేసి లోపలికి వచ్చాడు. పెన్సిల్ తీసుకుని గురువారం గడిలో తన పేరు కొట్టేసి, ఆమెకు చెప్పిన మంగళవారంలో రాసుకున్నాడు. ఎర్ర సిరాతో దిద్దే మనిషి కాబట్టి కొట్టివేత కూడా తిన్నగా, ఒకే గీతతో ఉంది. ఆమె గాజు తీసి గురువారం మీద పెట్టి చుట్టూ గీసింది. గీత ఎప్పటిలాగే పక్కకు పోయి, బుధవారం గడిలోని నల్ల చుక్కను కూడా లోపలికి తీసుకుంది.

"చిన్నమ్మా, అమాస గూడ నీ గాజుల వడ్డది," అన్నాడు మేస్త్రీ.

"వడనియ్యి. అది ఎట్లన్న ఎవ్వనికి వద్దు గద."

నేను ఆ మార్పును డైరీలో ఎక్కించడం మొదలుపెట్టాను. రెండు రోజులను ఒకదానితో ఒకటి మార్చే వీలు దానిలో లేదు. ఒకటి తీసేసి, రెండోది తీసేసి, రెండూ మళ్లీ రాయాలి. అది పూర్తయి తల ఎత్తేసరికి గోడ దగ్గర ఇంకో ఇద్దరు తమ రోజులు మార్చుకున్నారు. ఒకాయన తన వంతు ఇచ్చి, రెండు రోజులు దున్నడానికి ఎడ్లు మాట్లాడుకున్నాడు. అవి ఎక్కించే లోపు బావ శుక్రవారం కూడా కదిలింది, ఆయన లేకుండానే, ఆయన బామ్మర్ది పూచీ మీద. నేను డైరీ మూసి జేబులో పెట్టుకున్నాను.

గురువారం ఆమె తోటకు నేను కూడా పోయాను. చెట్లు వరుసలుగా, సమానమైన ఎడంతో ఉన్నాయి. ఎత్తువైపు వరుసల్లో కాయలు అప్పటికే కింద పడి ఉన్నాయి, చిన్నవి, గట్టివి, చెప్పుల కింద గోళీల్లా కదులుతున్నాయి. పల్లం వైపు ఇంకా చెట్ల మీదే ఉన్నాయి. పైపులు తీస్తున్నప్పుడు ఒక చోట బిగింపు జారి గొలుసు ఒక్కసారి ఊగింది. నలుగురూ ఒకేసారి అరిచారు. ఆమె గట్టు మీద కూర్చుని ఉంది, లేవలేదు, చీర కొంగు నోటి దగ్గర పెట్టుకుంది. బిగింపు మళ్లీ పట్టింది. మధ్యాహ్నం దాటాక చుట్టి తెచ్చిన మోటారు దింపాం. సాయంత్రం మూడు ఫేజుల కరెంటు వచ్చింది. ముందు ఎర్ర నీళ్లు, తర్వాత తెల్ల నీళ్లు. ఆమె మాకు మజ్జిగ పోసి, మేము తాగుతుండగానే పార పట్టుకుని పల్లం వైపు కాలువ తెరిచింది.

"ఎత్తుదిక్కు ముందు పెట్టరాదు? అవే ఎక్కువ ఎండినయి గద," అన్నాను.

"అవి పోయినయి బిడ్డా. ఉన్నవాటికి పెట్టుకోవాలె," అంది.

ఆ ఎండాకాలం మిగిలిన రోజుల్లో నేను రెండింటినీ ఉంచాను, పనులు విడదీసి. డైరీలో పెట్టినవి: ఏ మోటారుకు ఎంత మందం తీగ, ఎన్ని చుట్లు, బేరింగు నంబర్లు, హైదరాబాద్ దుకాణాల టెలిఫోన్లు, నా ఇంటర్వ్యూ తేదీలు. ఇవి ఒకరితో మాట్లాడి మార్చుకునేవి కావు. గోడకు వదిలేసినవి: రోజులు. గోడ వల్ల నష్టాలు తగ్గలేదు. జూన్‌లో ఒక గడిలో రెండు గుర్తులు పడి దుకాణం ముందు పెద్ద గొడవ జరిగింది, ఒకాయన చొక్కా చిరిగింది. కాని ఎవరితో ఎవరు పోట్లాడాలో ఇద్దరికీ తెలుసు. డైరీ ఉన్న వారాల్లో అందరూ పోట్లాడవలసిన మనిషిని నేనొక్కణ్నే. నా మొదటి కాగితంలో ఆ లోపం రాయలేదు, ఎందుకంటే అది క్యాలెండర్ లోపం కాదు.

చాచా ఈ విషయం మీద ఒక్కసారే మాట్లాడాడు. "నీ డబ్బ మంచిదే ర. గని దానికి కండ్లు నీయి ఒక్కటే. గోడకు ఊరందరి కండ్లు," అన్నాడు. తర్వాత నా చేతిలోంచి డైరీ తీసుకుని, లెక్కల బొత్తాలతో తీగ బిల్లు కూడుకుని, తిరిగి ఇచ్చాడు.

వానాకాలం వచ్చి కూడా వానలు వెనకబడ్డ రోజుల్లో ఆమె వచ్చింది. బస్సు పైనుంచి కండక్టర్ ఒక గోనె సంచి దింపాడు. సంచి మూతి దాకా లేదు, సగంలోనే ముడి వేసి ఉంది. కబురు పంపితే సారు సైకిల్ మీద వచ్చాడు. ఆయన బోరు ఎప్పుడో నడుస్తోంది. హ్యాండిల్‌కు ఇప్పుడు బిందెలు లేవు. సంచిని చేత్తో ఎత్తి చూశాడు.

"సంచెడు అంటివి గదమ్మా?"

"సగం తోటే నిలబడ్డది సారూ. సగం సంచే వచ్చింది."

"గట్లయితె నేను గూడ సగం గురువారమే ఇయ్యాల్సి ఉండె."

"పొద్దుగాల్ల సగం ఇచ్చినా తీసుకుందు. నీళ్లొచ్చింది మాపుకు గద, గప్పుడేం జేద్దు?"

"బాగనే లెక్క చెప్తున్నవు," అని సారు సంచిని సైకిల్ వెనక కట్టుకున్నాడు. ఆమె మా అందరికీ అంటూ ఒడిలోంచి కొన్ని కాయలు బల్ల మీద పెట్టింది. పచ్చగా, మచ్చలతో, చిన్నవిగా ఉన్నాయి. మేస్త్రీ ఒకటి ఒలిచి తిని, ఇంకోటి తీసుకున్నాడు.

ఆమె ఇంకా నిలబడే ఉంది. బోరులో నీళ్లు కిందికి పోయాయని, మోటారును ఇంకో రెండు పైపుల లోతుకు దింపాలని చెప్పింది. ఎత్తువైపు వరుసల్లో ఎండిన చెట్లు తీసేసిందట. ఆ జాగాలో మళ్లీ మొక్క పెట్టాలంటే ముందు నీళ్ల సంగతి తేలాలి.

"ఎప్పుడొస్తరు?"

నా చేయి జేబు దాకా పోయింది. ఆమె నా వైపు చూడలేదు. గోడ దగ్గరికి పోయి, వేలితో గడుల మీద వెతికి, నల్ల చుక్కను దాటి, ఒక సోమవారం దగ్గర ఆగింది. గాజు తీసి దాని మీద పెట్టి చుట్టూ గీసింది. గీత ఈసారి కూడా పక్క గడిలోకి పోయింది. ఆ మంగళవారాన్ని ఇంకా ఎవరూ తీసుకోలేదు.